పాప పెద్దమ్మ దగ్గర, గుడ్డ డైపర్లు నా సంచిలో

“పిల్ల ముడ్డి కడుగుత, మూతి కడుగుత. గుడ్డలు మాత్రం ఉతుక. ముందుగాలనే చెప్తున్న బిడ్డా.”

అప్పటికి నేనింకా సంచి జిప్పు కూడా తీయలేదు. ‘గుడ్డ డైపర్లు’ అన్న మాట చెవిన పడిందో లేదో, పెద్దమ్మ తేల్చేసింది. రాత్రంతా మనసులో వల్లె వేసుకుని వచ్చిన మాటలన్నీ నా గొంతులోనే ఉండిపోయాయి.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మియాపూర్‌లో మేముండే అపార్టుమెంటులో మొదటి అంతస్తు. సొంతూరు సిద్దిపేట దగ్గర పల్లె. పెద్దాయన పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. కొడుకూ కోడలూ డ్యూటీలకి వెళ్ళిపోతే ఇల్లు బోసిగా ఉందని పక్కింటి పిల్లవాణ్ణి చూడ్డం మొదలుపెట్టిందట. ఒకరు ఇద్దరై, ఇద్దరు నలుగురయ్యారు. బోర్డూ లేదు, రసీదూ లేదు. హాల్లో ఒక చాప, రెండు ఉయ్యాలలు, గోడవారగా దివాన్, పన్నెండున్నరకి కుక్కర్ కూత. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నెలకి 7,000. నేను తెనాలి పిల్లని. ఆవిడ మాట మొదట్లో నాకు సగమే అందేది. నా మాట ఆవిడకి రేడియోలో వార్తల్లా ఉండేదట.

మెటర్నిటీ లీవు 26 వారాలు. 2017లో చట్టాన్ని సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకీ అంత ఇస్తున్నారు. అదే సవరణలో యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలని కూడా ఉంది. మా ఆఫీసు అమీర్‌పేటలో ఒక ఆడిటర్ గారిది. గుమాస్తాలతో, ఆఫీసు బాయ్‌తో కలిపి 18 మందిమి. కాబట్టి సెలవు దొరికింది, క్రెష్ దొరకలేదు. కాన్పుకి ముందే కాళ్ళ వాపులతో మూడు వారాలు వాడేసుకున్నాను. మళ్ళీ మెట్రో ఎక్కేనాటికి పాపకి అయిదు నెలలు నిండి పది రోజులు.

క్లాత్ డైపర్లు ఎందుకు అంటే, పర్యావరణం కోసమని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అసలు కారణం మా పాప తొడలు. తెనాలిలో ఉన్న మూడు నెలలూ అమ్మ తన పాత నేత చీరలు చింపి, అంచులు కుట్టి, ఆ ఉచ్చగుడ్డలే కట్టింది. రోజుకి ఇరవై, పాతిక. అమ్మ ఉతికేది, నాన్న దండెం మీద ఆరేసేవారు, నేను కూర్చుని మడతలు పెట్టేదాన్ని. హైదరాబాదు వచ్చాక ఉతికిపెట్టే అమ్మా లేదు, ఆరేసుకునే దొడ్డీ లేదు. రోజంతా కొన్న డైపర్లే. పదిహేను రోజులు తిరక్కుండానే గజ్జల్లో ఎర్రగా కందిపోయింది. తప్పు డైపర్‌ది అనను. లోపలి జెల్ తడిని లాగేసుకుంటుంది, చేతికి పొడిగా తగులుతుంది, ఇంకాసేపు ఉండనిద్దాం అనుకుంటూ అయిదారు గంటలు ఉంచేసేవాళ్ళం. పిల్లల డాక్టరు గారు కూడా అదే అన్నారు: ఏది వేసినా సరే, తడి మీద ఉంచకండి, రోజులో కొంతసేపు ఏమీ లేకుండా వదిలేయండి.

ఇప్పటి క్లాత్ డైపర్ వేరు, మన లంగోటా వేరు. పైన నీళ్ళు దిగని పూత వేసిన పల్చటి పాలిస్టర్ గుడ్డ ఉంటుంది, దాన్ని పీయూఎల్ అంటారు. ఒంటికి తగిలే వైపు తడి నిలవని మెత్తటి ఫ్లీస్. రెంటికీ మధ్య జేబు. ఆ జేబులోకి తడి పీల్చే పట్టీ దూర్చాలి, దాని పేరు ఇన్సర్టు. నడుం చుట్టూ, ముందు వైపూ ప్లాస్టిక్ బొత్తాలు. పిల్ల పెరిగే కొద్దీ పై వరసకి మార్చుకుంటూ పోవచ్చు. రకాన్ని బట్టి ఒక్కోటి 500 నుంచి 900 దాకా ఉన్నాయి. ముందు ఆరు కొన్నాను. ఇంట్లో శని, ఆదివారాలు వేసి చూశాను. బాగున్నాయి. ఇక పెద్దమ్మకి ఇచ్చేస్తే పనైపోతుందనుకున్నాను.

మొదటి సోమవారం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. డైపరు పై కవర్లు ఒక సంచిలో, ఇన్సర్టులు ఇంకో సంచిలో, మలం గుడ్డకి అంటకుండా మధ్యలో పరిచే పల్చటి లైనర్ల చుట్ట ఒకటి, తడివి వేసేందుకు జిప్పు సంచులు రెండు. ఏది ఎప్పుడు ఎలా వాడాలో వరసగా రాసిన కాగితం ఒకటి. పెద్దమ్మ ఆ కాగితాన్ని జాగ్రత్తగా అందుకుని, మడిచి, దేవుడి పటం వెనక పెట్టింది. ఆవిడకి చదవడం రాదని నాకు నెల తర్వాత గానీ తెలియలేదు. ఆవిడ చెప్పుకోలేదు, నాకు అడగాలని తోచలేదు.

సాయంత్రం సంచులు ఎలా వెళ్ళాయో అలాగే తిరిగొచ్చాయి. పాప ఒంటి మీద వీధి చివర కిరాణా కొట్లో కొన్న డైపరు. “ప్యాకెట్టు తెప్పించిన బిడ్డా, నెల పైసలల్ల కలుపు” అంది. కోపం వచ్చింది, అబద్ధమెందుకు. మెట్లెక్కుతూ మా ఆయనతో ఫోన్లో సణుక్కున్నాను కూడా. ఆయన ఒకటే అడిగాడు: “నలుగురు పిల్లలతో ఆవిడ ఆ బొత్తాలన్నీ ఎలా పెడుతుందనుకున్నావ్?” సమాధానం లేక ఫోన్ పెట్టేశాను. రెండు వారాలు ఆ ఊసెత్తలేదు. డైపర్ల ప్యాకెట్లే పంపించాను.

కథ మలుపు తిరిగింది మురుగు పైపు దగ్గర.

ఒక శుక్రవారం కింద వాచ్‌మన్ గది బాత్రూంలో నీళ్ళు ఎదురు తన్నాయి. ప్లంబరు ఛాంబరు మూత తీసి, ఇనప తీగ దూర్చి, గంటసేపు తిప్పి తిప్పి చివరికి ఒక ముద్దని బయటికి లాగాడు. డైపరు. ఎవరో మరుగుదొడ్లో వేసి నీళ్ళు కొట్టేశారు. తలగడంత ఉబ్బి, చిరిగిన చోట నుంచి నానిన సగ్గుబియ్యంలా జెల్ కారుతోంది. చుట్టూ చేరినవాళ్ళలో ఎవరూ ఏమీ అనలేదు, కానీ అందరూ తలెత్తి మొదటి అంతస్తు బాల్కనీ వైపు చూశారు. పిల్లలున్న కొంపలు మా అపార్టుమెంటులో ఇంకా నాలుగున్నాయి. అయినా చూపులు అటే వెళ్ళాయి.

పెద్దమ్మకి అది తగిలింది. ఆ సాయంత్రం పాపని చంకనెత్తుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. “నేనెన్నడన్న గట్ల ఏసిన్నా? పేపర్ల చుట్టి, కవర్ల కట్టి, కింద డబ్బల ఏస్త. చెత్త ఆటో పోరగాడు తీసుకపోనంటడు. కుక్కలు గుంజుకొచ్చి గేటు ముంగట పారేస్తయ్. అది గూడ నా మీదికే.” అప్పటి నిబంధన ప్రకారం డైపర్లని విడిగా చుట్టి పొడి చెత్తలో వేయాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో ఆ సంగతి స్పష్టంగానే ఉండేది. కానీ నలుగురు పిల్లలవి, రోజుకి పదిహేను దాటే డైపర్లు ఒక్క ఇంటి నుంచి వస్తుంటే స్వచ్ఛ ఆటో అబ్బాయి ముఖం ఎలా పెడతాడో నేను ఊహించగలను.

కాసేపు ఊరుకుని అంది: “నీ బొత్తాల లాగులు తెచ్చియ్యి. సూద్దాం. ఉతుకుడు మాత్రం...”

“నేనే ఉతుక్కుంటాను పెద్దమ్మా.”

ఈసారి తొందరపడలేదు. శనివారం మాకు ఒంటిపూట. మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోంచేసి, కిందకి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఏమీ చెప్పకుండా చూశాను. మా పాప తడిపింది. పెద్దమ్మ ఎడమ చంకలో అప్పుడే ఏడుపు ఆపిన పిల్లవాడున్నాడు. వాణ్ణి దించలేదు. కుడిచేత్తో పాప రెండు మడమలూ కలిపి పట్టుకుని పైకెత్తి, తడిది లాగేసి, తడిగుడ్డతో తుడిచి, కొత్తది కిందకి తోసి, మోకాలితో పాపని కదలకుండా ఆపి, అటో అతుకు ఇటో అతుకు వేసేసింది. నిమిషం పట్టలేదు. అంతా ఒంటిచేత్తోనే. నేను మొన్న ఇచ్చిందేమో రెండు చేతులూ, కళ్ళజోడూ, తీరికా ఉంటే తప్ప కుదరని సరంజామా.

అప్పుడు బుర్ర వెలిగింది. డైపర్ మార్చాల్సింది నేను కాదు, ఆవిడ. ఆవిడ చేతికి అందేటప్పటికి చేయాల్సిన పనేమీ మిగలకూడదు.

రాత్రి పూట ఇన్సర్టులు దూర్చడం నా పని అయింది. పెద్దమ్మ ఇంట్లో తొమ్మిదిన్నర గంటలు. రెండు గంటలకో రెండున్నరకో ఒకటి లెక్కన అయిదు పడతాయి. ఒకటి అదనం. ఆరూ ఇన్సర్టులతో సహా సిద్ధం చేసి, పూతరేకుల్లా మడిచి, వరసగా సంచిలో పేర్చేదాన్ని. తీయడం, వేయడం, అంతే. లైనర్లు తీసేశాను. ఏ వరస బొత్తాం పెట్టాలో ఆవిడకి ప్రతిసారీ తికమకయ్యేది. దానికి మందు నా డ్రెస్సింగ్ టేబుల్ మీదే దొరికింది. సరిపోయే బొత్తాల మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. చుక్క మీద చుక్క, బొత్తాం టక్కుమంటుంది. తొమ్మిదో నెలలో పాప ఒళ్ళు చేశాక పక్క బొత్తానికి నీలం చుక్క పెట్టి, “పెద్దమ్మా, ఇవాళ్టి నుంచి నీలం” అన్నాను. “ఎర్రపార్టీ పోయి నీలం పార్టీ ఒచ్చిందా” అని నవ్వింది.

తడివాటికి ఒక సంచి, దొడ్డికెళ్ళినవాటికి ఒక సంచి. దొడ్డికెళ్ళినదాన్ని ఆవిడ కడగక్కర్లేదు, దులపక్కర్లేదు, ఉన్నదున్నట్టు చుట్టి జిప్పు వేసేస్తే చాలన్నాను. ఈ మాట కచ్చితంగా, మొదటి రోజే, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అనుకోవడం మంచిదైంది. పిల్లల్ని చూసే మనిషిని బట్టలుతికే మనిషిగా చూస్తున్నామేమో అన్న అనుమానం ఆవిడకి ముందే ఉంది. ‘ఉతుక’ అన్న మాట వెనక ఉన్నది బద్ధకం కాదు, అదీ. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

చూడ్డానికి చిన్నదే గానీ అసలు కిటుకు తొడల దగ్గర ఉంది. ఎలాస్టిక్ తొడ మీద కాదు, గజ్జ మడతలో కూర్చోవాలి, లోదుస్తుల అంచు ఉండే చోట. కిందకి జారితే నడిమధ్య సందు పడి అక్కణ్ణించే కారుతుంది. ఇన్సర్టు అంచు పావంగుళం బయటికి తొంగి చూసినా చాలు, గౌనంతా తడి పాకుతుంది. నేను ఇది చెబుదామని నోరు తెరిచేలోపు పెద్దమ్మ చూపుడువేలు అంచు లోపల పెట్టి చుట్టూ తిప్పేసి, “గిట్లనే గదా” అంది. ఇద్దరు కొడుకులకీ పాత ధోతి ముక్కలు కట్టిన వేలు అది.

ఆవిడకున్న అసలు అనుమానం వేరు. “తడిసిందా లేదా ఎట్ల తెలుస్తది? బయటికి తడి రాదాయె.” కొన్న డైపర్లకి గీత రంగు మారుతుంది, వీటికి అది లేదు. గంటలు చూసి మార్చమంటే కుదరదు, నలుగురు పిల్లల ఇంట్లో గడియారం ఎవరు చూస్తారు. చివరికి ఆవిడే ఒక లెక్క పెట్టుకుంది. నిద్ర లేవగానే ఒకటి, పాలు తాగినాక ఒకటి, పన్నెండున్నర కుక్కర్ కూతకి ఒకటి, మధ్యాహ్నం పడక లేచాక ఒకటి, నేను వచ్చే ముందు ఒకటి. నా రెండున్నర గంటల లెక్క కన్నా అది బాగా నడిచింది.

ఇంటి దగ్గర పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే భారమంతా ఇటే ఉంది. సాయంత్రం ఏడింటికి సంచి తెరవడం. దొడ్డికెళ్ళినవి బాత్రూంలో జెట్ స్ప్రేతో కొట్టి, మలం మరుగుదొడ్లోకి పంపేయడం. జేబుల్లోంచి ఇన్సర్టులు బయటికి లాగడం. ఆ క్షణంలో ముక్కు మూసుకోవాలి, మా ఆయన మొదటి వారం దగ్గరికి రాలేదు, రెండో వారానికి ఆ పనే తనదైంది. మిషన్లో ముందు చన్నీళ్ళతో ఒక తిప్పు, తర్వాత 40 డిగ్రీల వేడిలో పూర్తి సబ్బుతో అసలు ఉతుకు. డ్రమ్ము మూడొంతుల్లో రెండొంతులు నిండాలి, లేకపోతే గుడ్డలు ఒకదానికొకటి రాసుకోక మురికి వదలదు. అందుకని పాప చొక్కాలూ, తువ్వాళ్ళూ కూడా కలిపేవాళ్ళం. రోజు మార్చి రోజు ఉతికేవాళ్ళం. ఆరింటితో సాగదు కాబట్టి నెమ్మదిగా ఇరవైకి చేరాయి. రాత్రికి మాత్రం కొన్న డైపరే. పది గంటలు పిల్లా నేనూ నిద్రపోవాలి, ఆ విషయంలో నాకు పట్టుదలేమీ లేదు.

కొత్తవి తెచ్చిన రోజే పంపించకూడదన్నది నేను చేసి నేర్చుకున్నది. కొత్త ఇన్సర్టు సరిగా పీల్చదు. అయిదారుసార్లు ఉతికితే గానీ దారం విచ్చుకుని తడి పట్టుకోదు. రెండో విడత డైపర్లని ఒకే ఉతుకుతో పంపిస్తే పెద్దమ్మ దివాన్ మీది దుప్పటి రెండుసార్లు తడిసింది. దుప్పటి నేను తెచ్చి ఉతికిచ్చాను. ఉతుకుడు విషయంలో మా ఒప్పందం అంత పటిష్టం.

అంతకన్నా పెద్ద దెబ్బ నూనె కొట్టింది. దసరా ముందు ఒక వారం రోజులు ఏ డైపరు వేసినా కారడమే. వేసిన అరగంటకే గౌను తడి. ఎలాస్టిక్ చూశాం, చుక్కలు చూశాం, అంతా సవ్యంగానే ఉంది. ఆదివారం పొద్దున విసుగొచ్చి ఒక డైపర్ని బల్ల మీద పరిచి, లోపలి గుడ్డ మీద చెంచాతో నాలుగు చుక్కల నీళ్ళు పోశాను. ఇంకలేదు. తామరాకు మీద నీటిబొట్టులా అటూ ఇటూ దొర్లుతూ, వెలుగుకి మెరుస్తూ, చివరికి అంచు మీంచి జారిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన, దాని వెనకే ఇంకేదో క్రీము వాసన. పాపకి కొంచెం ఎర్రబడిందని పెద్దమ్మ మార్చిన ప్రతిసారీ దోసెడు నూనె రాస్తోంది. పైన నేనిచ్చిన తెల్లటి ర్యాష్ క్రీము ఆవిడ పద్ధతిలో, అంటే మందంగా. అదంతా ఫ్లీస్‌కి పట్టి మైనంలా పూత కట్టేసింది. తప్పు సగం నాదే. క్రీము ఇచ్చింది నేను, గుడ్డకి ఏమవుతుందో చెప్పనిది నేను.

గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, గోరువెచ్చని నీళ్ళు, పాత టూత్ బ్రష్. ఇరవై డైపర్లనీ ఒక్కొక్కటిగా రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాను. మధ్యాహ్నం మూడైంది. మళ్ళీ నాలుగు చుక్కలు పోస్తే గుటుక్కున ఇంకిపోయాయి. నూనె రాయొద్దని పెద్దమ్మకి చెప్పే ధైర్యం నాకు లేదు. నూనె వద్దంటే ఆవిడ లెక్కలో పిల్లని పెంచడం రానట్టే. అందుకని అమ్మ పాత చీర ముక్కలు అరచెయ్యంత వెడల్పున చింపి ఇచ్చి, “నూనె రాసినప్పుడు ఇది లోపల వేయి పెద్దమ్మా” అన్నాను. తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి చూసి, “గీ గుడ్డ మంచిగున్నది. ముందే ఇయ్యకపోతివి” అంది. మూడువేల రూపాయల ఇన్సర్టుల గురించి ఆవిడ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

ఇదే కోవలో ఇంకోటి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి బట్టలు మెత్తగా, సువాసనగా ఉండాలని చివరి నీళ్ళలో కండిషనర్ పోసేది. అది కూడా గుడ్డని ఇంకనివ్వదు. డబ్బా పై అల్మరాలోకి ఎక్కించాను.

నీళ్ళ గొడవ మరోటి. మాకు మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతా అంతా బోరు. బోరు నీళ్ళు గరుకు. బక్కెట్టు అంచున తెల్లగా కట్టే సున్నమే ఇన్సర్టుల్లోనూ కడుతుంది, సబ్బు సగం అక్కడే ఖర్చయిపోతుంది. నెల తిరిగేసరికి ఉతికి ఆరేసినవి కూడా తడి తగలగానే గుప్పున ఘాటు వాసన, అమ్మోనియా. పెద్దమ్మ ముక్కు నాకన్నా ముందు పట్టేసింది. నేను పిల్ల ఒంటికి మంచిది కాదని సబ్బు తగ్గిస్తూ వచ్చాను, అదే తప్పు. గరుకు నీళ్ళకి సబ్బు కాస్త ఎక్కువే పడాలి, ఆ తర్వాత బాగా జాడించాలి. మంజీరా నీళ్ళు వచ్చే రోజుకే ఉతుకు మార్చుకున్నాం. తడి సంచి రోజూ ఇంటికి తెచ్చుకోవడం, తెచ్చీ తేగానే తెరిచి పెట్టడం కూడా అప్పటి నుంచే. ఒకసారి శుక్రవారం సంచి అక్కడే మరిచిపోయి సోమవారం తీశాను. ఆ పూట గురించి ఇంకేం చెప్పను.

జులైలో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం లేదు. కవర్లు ఫ్యాన్ కింద మూడు గంటల్లో ఆరిపోయేవి. నాలుగు మడతలు వేసి కుట్టిన మందపాటి ఇన్సర్టులు మాత్రం రెండు రోజులైనా మధ్యలో చెమ్మగానే ఉండేవి. మా ఆయన ఇస్త్రీపెట్టె అందుకోబోతే ఆపాను. కవర్లకి వేడి తగిలితే పూత పోతుంది, అలవాటైపోతే ఏదో రోజు పొరపాటున వాటి మీదా పెడతాడని. తెనాలికి ఫోన్ చేశాను. అమ్మ బస్సు పార్శిల్లో మిగిలిన ఉచ్చగుడ్డలు ముప్పై పంపింది. ఒంటిపొర గుడ్డ, గంటలో ఆరుతుంది. మూడు మడతలు పెట్టి, రెండేసి కలిపి జేబులో దూరిస్తే ఇన్సర్టు కన్నా ఏం తక్కువ కాదు. ఆ వానాకాలమంతా పైన కొత్త కవరు, లోపల అమ్మ చీర. ఎండ వచ్చాక మరకలు పడ్డ పట్టీలన్నీ తడిమీదే డాబా మీద పరిస్తే పసుపు మరకలు సాయంత్రానికి చాలావరకు తేలిపోయాయి.

ఇక నేను అస్సలు ఊహించనిది. ఆరో నెలలో అన్నప్రాసన అయ్యింది, రాగి జావ మొదలుపెట్టాం. పాలు మాత్రమే తాగినన్నాళ్ళు దొడ్డికెళ్ళిన డైపరు నీళ్ళకే వదిలిపోయేది. జావ మొదలయ్యాక అది ఇంకో లోకం. ఇక నా వల్ల కాదు, మానేద్దామనుకుంటున్న వారంలో గమనించాను, దొడ్డికెళ్ళినవాటి సంచి ఖాళీగా వస్తోంది. సోమవారం ఖాళీ. మంగళవారం ఖాళీ. పాపకి మలబద్ధకమేమో అని భయపడి అడిగాను.

“ఏం మలబద్ధకం? రోజు పోతున్నది. పొద్దుగాల జావ తాగినంక కాళ్ళ మీద కూసోవెడ్త.”

మర్నాడు ఆఫీసుకి అరగంట ఆలస్యమైనా సరే అని ఉండి చూశాను. బాత్రూంలో పీట మీద పెద్దమ్మ కూర్చుంది. రెండు పాదాలూ కాస్త ఎడంగా పెట్టి, పాపని తన మోకాళ్ళకి వీపు ఆనించి ఆ పాదాల మీద కూర్చోబెట్టింది. చేతులు చంకల కింద. నోటితో సన్నగా ‘ష్... ష్...’ అంటోంది. పాప గోడ మీది బల్లిని చూస్తూ, ముఖం ఎర్రగా చేసుకుని, నిశ్శబ్దంగా పని కానిచ్చేసింది. రెండు చెంబుల నీళ్ళు, అయిపోయింది. మా అమ్మా నన్నలాగే కూర్చోబెట్టేదట. నేనే మరిచిపోయాను. అసలు నేర్చుకోలేదనాలి.

“మా పెద్దోడు ఏడాది నిండకముందే చెప్పుడు వెట్టిండు” అంది పెద్దమ్మ, చెంబు బోర్లిస్తూ.

ఒకసారి తొడల మడతల్లో ఎర్రగా, చుట్టూ చిన్న చిన్న పొక్కులతో దద్దు వచ్చింది. మామూలు ఒరుపు కాదనిపించి చూపిస్తే ఫంగస్ అన్నారు. పూతమందు రాసిచ్చారు. ఇన్సర్టులన్నీ బాగా వేడినీళ్ళలో ఉతికి, తగ్గేదాకా ఆ వారం మళ్ళీ కొన్న డైపర్లే వేశాం. పెద్దమ్మ సంతోషించలేదు. కింద చెత్త డబ్బా గుర్తొచ్చింది కాబోలు.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి: ఇరవై డైపర్లకి దగ్గర దగ్గర 12,000 అయ్యింది, ఒకేసారి కాదు. అంతకుముందు కొన్న డైపర్లకి నెలకి 2,500 దాకా అయ్యేది. రాత్రివి మిగిలాయి కాబట్టి ఖర్చు సున్నా కాలేదు. సబ్బు, కరెంటు కలుపుకుంటే ఏడో ఎనిమిదో నెలకి పెట్టుబడి వెనక్కొచ్చి ఉంటుంది. ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తూ ఇంతకన్నా కచ్చితంగా లెక్క కట్టలేదంటే నవ్వుకోండి.

పాపకి ఏడాదిన్నర దాటాక పగలు డైపరు అక్కర్లేకపోయింది. ఆ అవసరం వస్తే తనే పెద్దమ్మ కొంగు లాగి ‘ష్’ అంటుంది. ఇరవైలో పదకొండు ఎలాస్టిక్ సాగిపోయి పనికి రాకుండా పోయాయి. తొమ్మిది బాగున్నాయి. మొన్న నెలలో రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి తన నాలుగు నెలల బాబుని పెద్దమ్మ దగ్గర దింపుతానంది. అవి తీసుకెళ్ళి ఇచ్చాను. ఎలా వేయాలో చెబుదామని కూర్చున్నాను కూడా.

నాకు అవకాశం రాలేదు. పెద్దమ్మ ఒక డైపరు తీసి ఒడిలో పరుచుకుంది. “ఇగో, చుక్క మీద చుక్క పెట్టాలె. గట్టిగ గుంజకు, ఊపిరాడాలె పోరనికి. క్రీము రాస్తే నడుమ పాత చీర ముక్క వెయ్యి, లేకుంటే నీళ్ళు ఇంకయి. రాత్రే సదిరి పంపు, పొద్దుగాల నాకు తీరదు. సంచి రోజు తీస్కపో, శుక్రారం మర్శిపోకు.” కాస్త ఆగి, చూపుడువేలు ఎత్తి, “ఉతుక. ముందుగాలనే చెప్తున్న” అంది.

ఆ అమ్మాయి కంగారుగా నా వైపు చూసింది.

“ఈమెకు గూడ నేనే నేర్పిన” అంది పెద్దమ్మ.